కుప్పమ్మ సవతి

తిరువళ్ళూరులో రైల్వే గేటు దాటి ఎడమచేతికి తిరిగితే పంపు మోటార్లు, మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు గుట్టగా పడి ఉన్న కొట్టు ఒకటి కనిపిస్తుంది. దానికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. తుఫానులో ఎగిరిపోయాక మళ్ళీ పెట్టించే ఓపిక యజమానికి లేకపోయింది. అయినా చుట్టుపక్కల ఏ పొలంలో మోటారు కాలినా జనం అక్కడికే మోసుకొస్తారు. కాలిన రాగితీగ ఊడదీసి కొత్త తీగ చుట్టే పనిని వైండింగు అంటారు. ఆ పని చేసే మనిషి పేరు ఆదికేశవులు. యాభై దాటాయి. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా వేళ్ళకు వార్నిష్ వాసన వదలదు. ఇంతవరకూ అతనిలో వింతేమీ లేదు. వింతంతా ఇంట్లో ఉంది.

ముందుగదిలో, నలుగురూ సోఫా వేసుకునే చోట, పద్నాలుగు పాత వ్యాక్యూమ్ క్లీనర్లు బారుతీరి కూర్చుని ఉంటాయి. కొత్తవాటి వైపు కన్నెత్తి చూడడు ఆదికేశవులు. ప్లాస్టిక్కు, తేలిక, ఉత్త గోల అని తీసిపారేస్తాడు. అతనివన్నీ ఇనుమూ నికెలు పూతా ఉన్న కాలం నాటివి. ఒకటి పిడి పట్టుకుని నిలబెట్టి తోసేది, దాని వీపున గుడ్డసంచి వేలాడుతూ ఉంటుంది. ఒకటి నీళ్ళ హండాకు చక్రాలు తగిలించినట్టు ఉంటుంది. ఇంకొకటి చేతిలో ఇమిడేది, సినిమా టాకీసులో ప్రొజెక్టరు దుమ్ము తీయడానికి వాడినది. వాటికి కంపెనీ పేర్లున్నా అతను ఆ పేర్లతో పిలవడు. ఎక్కడినుంచి వచ్చిందో అదే దాని పేరు. ఆవడి ఆఫీసరు, టాకీసు, చర్చి అమ్మగారు, పొన్నేరి డాక్టరు. పొన్నేరి డాక్టరుకు కొంచెం దగ్గుంది. స్విచ్చి వేయగానే రెండుసార్లు గొంతు సవరించుకుని అప్పుడు అందుకుంటుంది.

ఇన్ని ఉన్నాయి సరే, ఆ ఇంట్లో తివాచీ అన్నది లేదు. ఎర్ర సిమెంటు గచ్చు, రెండు కోరచాపలు, అంతే. ఆ గచ్చును భార్య కుప్పమ్మ రోజూ పొద్దున చీపురుతో ఊడుస్తుంది, పద్నాలుగు మెషీన్ల చుట్టూ తిరిగి తిరిగి.

"ఊడ్చే మిషన్లు పద్నాలుగు ఉండే ఇంట్లో నడుము వంచి ఊడ్చేది ఈ లోకంలో నేనొక్కదాన్నే" అంటుంది వచ్చినవాళ్ళతో. అలా అంటూనే, వచ్చినవాళ్ళు చెప్పులతో ఆవడి ఆఫీసరును తగిలితే మాత్రం ఊరుకోదు.

కూతురు వైష్ణవి శ్రీపెరుంబుదూరులో ఉద్యోగం చేస్తుంది. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు ఫోనులో ఏదో వీడియో పెట్టి చూపించింది. ఇంగ్లండులో ఇలాంటివి పోగుచేసే మనుషులకు ఒక సంఘమే ఉంది. ఏడాదికోసారి కలుసుకుని, టీ తాగి, ఒకరి మెషీను ఒకరు వేసి వింటారు. ఆదికేశవులు మొహం చాటంత అయింది.

"చూసినావా కుప్పూ, నేనొక్కణ్ణే కాదు!"

"అంటే ఆ దేశంలో కూడా నా మాదిరి ఆడోళ్ళు ఉండారన్నమాట. పాపం" అంది కుప్పమ్మ.

ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక కచేరీ మొదలవుతుంది. మోటారు ఊరికే పడి ఉంటే బిగుసుకుపోతుందని ఒక్కొక్కటీ కాసేపు తిప్పుతాడు. కళ్ళు మూసుకుని, తల వంచి, బేరింగు ఎలా ఉంది, బ్రష్షు ఎలా ఉంది అని వింటాడు. పక్కింటి తులసమ్మ టీవీలో బొమ్మ బెదురుతుంది, ఆమె పిల్లి గోడ దూకి పారిపోతుంది. తులసమ్మ గోడ మీదినుంచి అరుస్తుంది. మెషీన్ల హోరులో ఆ అరుపు అతనికి వినపడదు, కాబట్టి ఇద్దరికీ గొడవ రాలేదు.

వారంలో ఒక్క మధ్యాహ్నమే ఎందుకంటే మిగతా రోజుల్లో అతను కొట్టు మూసి ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టేసి ఉంటారు. దీపం పెట్టాక ఇల్లు ఊడవకూడదు, ఊడిస్తే లక్ష్మి బయటికి పోతుంది. ఇది కుప్పమ్మ ఇంటి చట్టం. చీపురుకు వర్తించేది మెషీనుకూ వర్తిస్తుందా అన్నదాని మీద ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా వ్యాజ్యం నడుస్తోంది.

"చీపురు దుమ్మును బయటికి తోస్తాది. ఇది లోపలికి లాక్కుంటాది. లచ్చిమి యాడికీ పోదు, సంచిలోనే భద్రంగా ఉంటాది" అని అతని వాదన.

"ఆ సంచిని నువ్వు పొద్దున కుప్పలో దులపవా?"

"పొద్దున కదా దులిపేది. దీపం పెట్టినాక కాదు కదా?"

"ఊడ్చేది ఊడ్చేదే. పో, కాళ్ళు కడుక్కో పో."

వ్యాజ్యం అక్కడితో వాయిదా పడేది. రాత్రిపూట అతనికి వాటిని గుడ్డతో తుడిచి చూసుకునే హక్కు మాత్రం ఉంది. చాలా ఏళ్ళు అదే చేశాడు.

అసలు కుప్పమ్మ కోపం చట్టానిది కాదు. దాని మూలం తిరుత్తణిలో, అమృతవల్లి అమ్మగారి కల్యాణమండపంలో ఉంది. ఆదికేశవులు, కుప్పమ్మల పెళ్ళి అక్కడే జరిగింది. ఆ రోజుల్లో మండపం పెద్దాయన, అంటే అమృతవల్లి భర్త, పెళ్ళివేదిక మీది ఎర్ర తివాచీ కోసం మద్రాసులో ఏదో దొర బంగళా వేలంలో ఒక మెషీను కొనుక్కొచ్చాడు. పొడుగాటి గొట్టం లాంటి ఒళ్ళు, కింద రెండు పట్టాలు, వెండి మెరుపు. ముహూర్తానికి ముందు ఆయనే స్వయంగా పంచె ఎగ్గట్టి, పాత పెళ్ళి తాలూకు పూలరేకులూ అక్షింతలూ దాంతో లాగించేవాడు. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

పీట మీద పెళ్ళికొడుకుగా కూర్చున్న ఆదికేశవులు అప్పుడే వైండింగు నేర్చుకుంటున్నాడు. ఆ మోటారు గొంతు విన్నాడు. నాదస్వరం వాయిస్తున్నా అతనికి అదే వినిపించింది. పక్కకు పెట్టాక కూడా దాని మీదినుంచి చూపు తిప్పలేకపోయాడు. అయ్యవారు తాళి చేతికిచ్చి, "కట్టు నాయనా" అని ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. మేనమామ మోచేత్తో పొడిచాక గాని ఇటు తిరగలేదు. తలవంచుకుని కూర్చున్న కుప్పమ్మ కంటికొసల నుంచి అంతా చూసింది. తన మెడలో మూడు ముళ్ళు పడుతున్నప్పుడు తన మొగుడు ఎవరిని చూస్తున్నాడో ఆమెకు తెలుసు. ఆనాటినుంచి ఆ మెషీను పేరు సవతి.

తరవాత ఏటేటా తమిళుల ఆడి నెలలో వచ్చే మురుగన్ పండగ ఆడికృత్తికకు ఇద్దరూ తిరుత్తణి పోయేవాళ్ళు. కొండ మీద సామి దర్శనమయ్యాక ఆదికేశవులు మండపానికి పోయి సవతి దర్శనం చేసుకునేవాడు. ఇస్తారా అని అడిగేవాడు. పెద్దాయన నవ్వి కాఫీ ఇప్పించేవాడు. పెద్దాయన పోయాక మెషీను మూగబోయి అటక ఎక్కింది. అమృతవల్లి కూడా ఇవ్వలేదు, కాఫీ మాత్రం ఇచ్చేది. ఇంటికి తెచ్చుకున్న పద్నాలుగూ ఆ ఒక్కటి దొరకనందుకు పోగుచేసుకున్నవే అని కుప్పమ్మ అభిప్రాయం. అందులో అబద్ధమేమీ లేదు.

ఈ ఏడు ఆడి మాసం పుట్టగానే అమృతవల్లి అల్లుడు మురళీధరన్ మండపం నీళ్ళమోటారు వైండింగుకు తెచ్చాడు. మండపం పనులన్నీ ఇప్పుడు అతనే చూస్తున్నాడు.

"అన్నా, తొందరగా ఇచ్చెయ్. ఆడిలో పెళ్ళిళ్ళు ఉండవు కదా, కృత్తికకి వచ్చే కావడి జనం పోయిన వెంటనే మండపం పగలగొట్టి ఏసీ హాలు చేస్తా ఉండాము. అటక మీద సామాన్లంతా కాయలాంకడకే."

కాయలాంకడ అంటే పాత ఇనుము కొట్టు. తీగ చుట్టుతున్న ఆదికేశవులు చేయి ఆగిపోయింది. లెక్క తప్పి ఆ చుట్ట మళ్ళీ మొదటినుంచి చుట్టుకున్నాడు.

ఆదివారం కచేరీ మానేసి తిరుత్తణి రైలెక్కాడు. అమృతవల్లి వరండాలో పడక కుర్చీలో ఉంది. ఎనభై దాటిన మనిషి. చెవులు మందగించాయి గాని గొంతు ఏమాత్రం తగ్గలేదు.

"మళ్ళా వచ్చినావా? కాఫీ తాగి పో."

"పెద్దమ్మా, అల్లుడు దాన్ని పాత ఇనుముకి ఏస్తాడంట. దానికి బదులు నాకియ్యండి."

ఆమె హాలు వైపు తల తిప్పింది. తరవాత, "మీ పెద్దాయన పోయినాక దాని గొంతు నేను వినలేదు నాయనా" అంది. "ముగ్గురు మెకానిక్కులు చూసి పెదవి విరిచినారు. ఒక పని చెయ్. ఆడికృత్తిక పొద్దు ఈ హాల్లో, ఆ ఎర్ర తివాచీ మీద, నా ఎదురుగా దాన్ని పలికించు. పలికితే ఎత్తుకొని పో, నీదే. పలకలేదా, మురళి ఇష్టం."

"సరి పెద్దమ్మా."

"ఇంకొకటి. దాన్ని ఈ మండపం దాటించకూడదు, ఈడనే బాగుచెయ్యాల. దాని మీద బొట్టుండాది, ఏటా ఆయుధపూజకి నా చేత్తో పెట్టింది. దాన్ని మాత్రం తుడవద్దు."

అటక మీదినుంచి దించి చూస్తే ఆ బొట్టు మామూలుది కాదు. గంధం, దాని మీద కుంకుమ, మళ్ళీ మరుసటి ఏటి గంధం, ఇలా పొర మీద పొర పేరుకుని వడియమంత మందాన ఉంది. వెండిరంగు ఒళ్ళు చీకటిపట్టి, వైరు పొడిపొడిగా రాలిపోతోంది. గుడ్డచుట్టు ఉన్న గొట్టాన్ని ఎలుకలు కొరికేశాయి. సంచి ఉండిన చోట ఒక చిలుము మరక ఉంది. ఆదికేశవులు దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, పెళ్ళినాడు చూసినట్టే చూశాడు.

ఆ నెల ఆదివారాలన్నీ మండపం సామాను గదిలోనే గడిచాయి. బిగిసిన బేరింగులు కిరసనాయిల్లో నానబెట్టి కదిలించాడు. మిక్సీ మోటారులోని బొగ్గు బ్రష్షులు అరగదీసి ఇందులో సరిపెట్టి, కొత్త వైరు బిగించాడు. అమృతవల్లి భోంచేసి కునుకు తీస్తున్న ఒక మధ్యాహ్నం గదితలుపు మూసి, గొట్టం లేకుండానే, గుండె చేత్తో పట్టుకుని స్విచ్చి వేశాడు. అది పలికింది. సన్నగా మొదలై నిండుగా ఎదిగి నిలబడింది. అదే గొంతు. ఆదికేశవులుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఆపేశాడు, ముసలమ్మ వినాల్సింది కృత్తికనాడు గదా అని.

గొట్టమూ సంచీ మిగిలాయి. అవి కుట్టుపని. కుట్టుమిషను ఉన్నది కుప్పమ్మకు.

"సవతికి రవిక కుట్టమంటావా నన్ను?" అంది కుప్పమ్మ.

"రవిక కాదు, సంచి."

"ఏదైతే ఏంది. అది వచ్చి కూర్చుంటే పదహైదు అవుతాయి. ఎక్కడ పెడతావు, నా నెత్తినా?"

అయినా కుట్టింది. పాత దుప్పటి గట్టిది చూసి రెండు వరసలు కుట్టి, గొట్టానికి సైకిలు ట్యూబు తొడిగి పైన గుడ్డ బిగించింది. అతను చూడకుండా సంచి మూతికి ఎర్రదారంతో అంచు కూడా వేసింది. ఎందుకు వేశావని తులసమ్మ అడిగితే, దారం మిగిలిందని చెప్పింది.

కృత్తికనాడు తిరుత్తణిలో కాలు పెట్టే సందు లేదు. పసుపుబట్టలు, పూలకావడులు, తమిళమూ తెలుగూ కలిసిపోయిన అరుపులు. మండపంలోనూ కావడి జనం దిగి ఉన్నారు. కొండ దిగినవాళ్ళు పడుకుని ఉన్నారు, ఎక్కాల్సినవాళ్ళు కావడికి పూలు కడుతున్నారు. వేదిక మీద ఎర్ర తివాచీ పరిచారు. దాని పక్కన కుర్చీ వేయించుకుని అమృతవల్లి పట్టుచీర కట్టి కూర్చుంది. మురళీధరన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మెషీను ఆగిపోతుందని అతని నమ్మకం. పాత ఇనుము బండివాడికి మరునాడు రమ్మని చెప్పేశాడు కూడా.

కుప్పమ్మ భుజాన వేసుకొచ్చిన గొట్టాన్ని మొగుడి చేతికిచ్చి వేదిక మెట్ల దగ్గర నిలబడింది. ముప్పై ఏళ్ళ కిందట ఆమె తలవంచుకుని కూర్చున్నది అక్కడికి నాలుగడుగుల దూరంలోనే. జనం ఏందిది, ఏందిది అనుకుంటూ చుట్టూ చేరారు. సరిగ్గా అప్పుడే ఒక కావడి భక్తుడి సంచి జారి పగిలి, అందులోని విభూతి శేరుకు పైగా తివాచీ మీద కుప్పగా పడింది.

"మంచిది. ముందు దాన్నే తియ్యి నాయనా" అంది అమృతవల్లి.

విభూతి లాంటి సన్నటి బూడిద మోటారుకు మంచిది కాదని ఆదికేశవులుకు తెలుసు. ఇంకో రోజైతే కుదరదని చెప్పేవాడు. కాని ఇన్నేళ్ళ కోరిక, ఎదురుగా ముసలమ్మ, చుట్టూ జనం. గొట్టం తీసుకుని మెషీను ముందు వంగాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రకం మెషీనుకు రెండు చివరలు ఉంటాయి. ఒక చివర గాలి లాగుతుంది, రెండో చివర వదులుతుంది. గొట్టం రెండింటికీ పడుతుంది. లాగే చివర ఉత్త బొక్క. వదిలే చివరకు గుండ్రటి జల్లెడ మూత, దాని చుట్టూ మెరిసే అంచు ఉండి మొహంలా ఉంటుంది. అమృతవల్లి ఏటా మొహం అనుకుని బొట్టు పెట్టింది వెనకవైపున. ఇక ఆదికేశవులు ఇంట్లో ఆయుధపూజకు కుప్పమ్మ "దీనికి మొగం యాడుండాది?" అని అడిగినప్పుడల్లా అతను లాగే చివర చూపించేవాడు, ఆమె అక్కడ పెట్టేది. ఆ ఇంట్లో బొట్టున్నదే నోరు. ఏళ్ళ తరబడి పడిన అలవాటు. కంగారులో ఉన్న అతని చేయి తనంతట తనే బొట్టు వైపుకు పోయింది. జల్లెడ మూత తిప్పి తీసి, గొట్టం బిగించి, రెండో కొసను విభూతి కుప్పకు గురిపెట్టి స్విచ్చి వేశాడు.

అది అన్నేళ్ళ మౌనం తీరేలా పలికింది. ఒక్క ఊపులో శేరు విభూతి లేచి కప్పుకు తగిలి, హాలంతా పరుచుకుని, నెమ్మదిగా అందరి మీదా దిగింది. మనుషులు కనపడలేదు. కావడులు కనపడలేదు. ఒక క్షణం మోటారు హోరు తప్ప శబ్దమే లేదు. తరవాత ఆ తెల్లటి మబ్బులోంచి ఎవరో ఒకరు మురుగన్‌కు జేజేలు ఎత్తుకున్నారు.

"వెట్రివేల్ మురుగనుక్కు..."

"అరోహరా!" అంది హాలు మొత్తం.

పడుకున్నవాళ్ళు లేచి చేతులు జోడించారు. సామి తన చేత్తో అందరికీ ఒకేసారి విభూతి ఇచ్చాడని ఒక ఆడమనిషికి పూనకం వచ్చింది. కావడి దించి ఎవరో పూలదండ తీసి మెషీను మెడలో వేయబోయి, మెడ ఎక్కడో తెలియక గొట్టానికి చుట్టారు.

ఆదికేశవులు మాత్రం మెషీను దగ్గర లేడు. మబ్బు లేవగానే గొట్టం ఎక్కడిదక్కడ వదిలేశాడు. అది పాములా తివాచీ మీద కొట్టుకుంటూ మిగిలిన బూడిదను కూడా ఊదుతూనే ఉంది. అతను చేతులు చాపుకుని మెట్ల వైపు తడుముకుంటూ, "కుప్పూ, యాడుండావు? కుప్పూ, కళ్ళల్లో పడిందా?" అని అరుస్తూ పోయాడు. మూడోసారి పిలిచాక చేతికి ఒక భుజం తగిలింది. తలనుంచి కాలిదాకా తెల్లగా, రెండు కళ్ళు మాత్రం నల్లగా, కుప్పమ్మ అతన్ని చూస్తోంది. పైట కొంగుతో ఆమె మొహం తుడిచాడు. అప్పటికి గాని అతనికి మెషీను గుర్తు రాలేదు. మురళీధరన్ పోయి ప్లగ్గు పీకాడు.

అమృతవల్లి కుర్చీలో కదలకుండా కూర్చుని ఉంది. పట్టుచీర తెల్లబడిపోయింది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో మొదట ఎవరికీ అర్థం కాలేదు. రెండూ చేస్తోంది.

"అదే గొంతు నాయనా. మీ పెద్దాయన పక్కన నిలబడినట్టే ఉండాది."

బొట్టు సంగతి ఆదికేశవులు మెల్లగా ఆమె చెవిలో చెప్పాడు. తప్పు తనదేనని కూడా చెప్పాడు. ఆమె విని, ఇన్నేళ్ళూ వీపుకు పూజ చేశానా అని ఇంకా ఎక్కువ నవ్వింది. అప్పటికే కావడి జనం మెషీను చుట్టూ కర్పూరం వెలిగించారు. పిల్లల్ని ఎత్తుకొచ్చి దానికి మొక్కిస్తున్నారు. పాత ఇనుముకు వేద్దామన్న మురళీధరనే స్టూలు తెచ్చి దాన్ని ఎత్తి పైన పెట్టాడు.

"అత్తా, కొత్త హాలు వాకిట్లో అద్దాలపెట్టె చేయించి పెట్టేద్దాం. కండిప్పా, తప్పకుండా జనం చూసేదానికి వస్తారు" అన్నాడు.

అమృతవల్లి అల్లుడి వైపు చూడలేదు. "నేను మాటిచ్చినాను. అది పలికింది. ఇంక అది నీది, ఎత్తుకో నాయనా" అంది ఆదికేశవులుతో. అంటూనే ఆమె చేయి మెషీను మీద ఉంది. చేయి తీద్దామని చూసింది గాని తీయలేకపోయింది.

ఆదికేశవులు ఆ చేతిని చూశాడు. దండం పెట్టుకుంటున్న జనాన్ని చూశాడు. పెళ్ళినాడు మొదలైన కోరిక ఎత్తుకుంటే చేతికందే దూరంలో ఉంది, అడ్డుచెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. బాధగానే ఉంది, లేదనడం అబద్ధం.

"ఉండనీ పెద్దమ్మా" అన్నాడు చివరికి. "ఈడనే ఉండనీ. మోటారులో బూడిద పొయ్యిండాది, ఈ వారం వచ్చి విప్పి తుడుస్తా. ఏటా కృత్తికకి వచ్చి నేనే పలికిస్తా. ఇంకెవురూ ముట్టకూడదు, అంతే నేను అడిగేది."

"నువ్వుగాక ఇంకెవురు ముట్టుకుంటారు?" అంది అమృతవల్లి. కాఫీ తెప్పించింది. అలా ఆదికేశవులు ఒక వ్యాక్యూమ్ క్లీనరుకు పూజారి అయ్యాడు.

తిరుగు రైల్లో ఇద్దరూ కిటికీ పక్కన కూర్చున్నారు. పెట్టెలోని జనం ఈ తెల్లటి మనుషులిద్దర్నీ చూసి పెద్ద మొక్కే తీర్చుకుని వస్తున్నారనుకుని చోటిచ్చారు. ఇల్లు చేరేసరికి సందెవేళ అయింది. కుప్పమ్మ స్నానం చేసి దీపం పెట్టింది. అతను స్నానం చేసి, అన్నం వద్దని, ముందుగదిలో గుడ్డ తీసుకుని పొన్నేరి డాక్టరును తుడుస్తూ కూర్చున్నాడు. బారులో చివర ఒక మెషీనుకు సరిపడా చోటు ఖాళీగా ఉంది. ముందురోజు రాత్రే పద్నాలుగింటినీ జరిపి చేసిన చోటది. చేసింది అతను కాదు. అప్పుడు గాని అది అతని కంట పడలేదు.

"ఈ చోటు..." అన్నాడు.

"నేనే జరిపినాను. వస్తాదేమో అని." కుప్పమ్మ వచ్చి గోడకు ఆనుకుని కింద కూర్చుంది. "ఏదో ఒకటి వెయ్యి" అంది.

"ఏంది?"

"ఆ మిషన్లలో ఒకటి వెయ్యి. విందాం."

"దీపం పెట్టేసినావే?"

"అది బయటికి తోసేది కాదు కదా, లోపల దాచుకునేది కదా. ఇన్నేళ్ళుగా నువ్వే చెప్తా ఉండావు."

ఆదికేశవులు గుడ్డ పట్టుకుని ఆమెనే చూశాడు. ముప్పై ఏళ్ళ వ్యాజ్యం ఇంత నిమ్మళంగా ఎలా తీరిపోయిందో అతనికి అంతుబట్టలేదు.

"ఈ పొద్దు ఎందుకు కుప్పూ?"

"ఆ పొద్దు పీట మీద నన్ను వదిలేసి దాన్ని చూసినావు. ఈ పొద్దు అది అరస్తా ఉంటే దాన్ని వదిలేసి నన్ను వెతికినావు." కుప్పమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. "చాల్లే, వెయ్యి. డాక్టర్ని వెయ్యి. పాపం దానికి దగ్గు."

అతను ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. పొన్నేరి డాక్టరు రెండుసార్లు గొంతు సవరించుకుని అందుకుంది. ఆదికేశవులు అలవాటు కొద్దీ కళ్ళు మూసుకోబోయి, మూసుకోకుండా భార్య పక్కకు పోయి కూర్చున్నాడు. గోడ అవతల తులసమ్మ, రాత్రిపూట కూడా మొదలుపెట్టారా అని అరుస్తోంది.

"నీ కాడ బూడిద వాసన ఇంకా పోలేదు" అంది కుప్పమ్మ అతని చెవిలో, మెషీను హోరుకు మించి వినపడేలా.